శిలలో మానవమూర్తి: గ్రీసు, రోము, భారతదేశం

మానవ దేహాన్ని శిలలో మలచడం ప్రాచీన నాగరికతలలో విరివిగా కనిపించే కళ. అయితే ఆ దేహంలో శిల్పి దేనిని దర్శించాడన్నదే ఒక శిల్పానికీ మరొక శిల్పానికీ గల భేదానికి మూలం.

గ్రీకు శిల్పి దర్శించినది ప్రమాణాన్ని. క్రీ.పూ. 6వ శతాబ్దపు యువక విగ్రహాలు ఈజిప్టు శిల్పాలవలె ఎడమ కాలు ముందుకు చాచి బిగుసుకొని నిలిచి ఉంటాయి. మరుసటి శతాబ్దానికి ఆ బిగువు సడలింది. పాలిక్లిటస్ పోతపోసిన బల్లెం ధరించిన యువకుడు దేహభారాన్ని ఒక కాలిపై నిలిపి, రెండవదానిని సడలించి నిలబడతాడు. అవయవాల నిష్పత్తులను ఆ శిల్పి ఒక గ్రంథంలో సైతం నిర్దేశించాడు. మూలమైన కంచు విగ్రహం, ఆ గ్రంథం రెండూ నశించాయి. ఆ రూపం రోమన్ల పాలరాతి ప్రతులలో మిగిలింది. ఆ యువకుడు ఫలానా వ్యక్తి అని చెప్పదగిన లక్షణమేదీ అతనిలో లేదు. సర్వాంగ సమతకు అతడు ప్రతీక.

రోమన్ శిల్పి దర్శించినది వ్యక్తిని. పూర్వీకుల ముఖాలను మైనంలో రూపొందించి గృహాలలో భద్రపరచుకొనడం అచటి ఉన్నత వంశాల ఆచారం. గణతంత్ర యుగాంతపు శిల్పాలలో ముడతలు, బట్టతల, జారిన చెక్కిళ్ళు దాపరికం లేక గోచరిస్తాయి. వార్ధక్యం అక్కడ లోపం కాదు. అనుభవానికీ, ప్రజాసేవకూ చిహ్నం. 1863లో రోము సమీపాన ప్రిమా పోర్టాలో లభించిన ఆగస్టస్ విగ్రహంలో ఈ రెండు ధారలూ కలిశాయి. నిలిచిన తీరు పాలిక్లిటస్ యువకునిది. యౌవనం వీడని ఆ ముఖం చక్రవర్తిది.

19వ శతాబ్దపు పాశ్చాత్య విమర్శకులు పలువురు గ్రీకు కొలతనే విశ్వజనీనంగా భావించి, భారతీయ శిల్పికి దేహనిర్మాణం తెలియదని తలచారు. నాగార్జునకొండ ఈ తలంపునకు సమాధానం చెబుతున్నది. క్రీ.శ. 3, 4 శతాబ్దాల ఇక్ష్వాకుల రాజధాని అయిన అచ్చట రోమన్ బంగారు నాణేలు లభించాయి. ఒక స్తంభంపై గడ్డం కలిగి, పానపాత్రగా కొమ్మును ధరించిన పురుషమూర్తి ఉన్నది. పండితులు దీనిని గ్రీకుల మధుదేవత డయొనైసస్‌తో పోల్చారు. పడమటి రూపాన్ని ఎరిగియుండియు ఆ శిల్పులు బుద్ధగాథలను తమ సంప్రదాయంలోనే, సన్నని నడుములతో, పొడవైన అవయవాలతో, చలించే జనసమూహాలతో చెక్కారు. ఇది అజ్ఞానం కాదు, ఎంపిక.

ఉక్కు కర్మాగారం నెలకొన్న భిలాయిలోను, దాని చెంతనున్న కుమ్హారిలోను నివసించే తెలుగువారికి ఛత్తీస్‌గఢ్‌లోనే మరొక నిదర్శనం ఉన్నది. బిలాస్‌పూర్ జిల్లా తాలా గ్రామంలో 1987-88లో రెండున్నర మీటర్లకు పైబడిన ఒక విగ్రహం వెలుగు చూసింది. రుద్రశివునిగా వ్యవహరించే ఈ మూర్తికి నాసిక బల్లి, మీసాలు చేపలు, గడ్డం పీత, చెవులు నెమళ్ళు. వక్షస్థలాన, ఉదరాన మానవ ముఖాలున్నాయి. సకల ప్రాణులకు నెలవుగా దేహాన్ని దర్శించిన శిల్పి సృష్టి ఇది.

ఒక జాతి కొలబద్దతో మరొక జాతి శిల్పాన్ని కొలిచినట్లయితే కనిపించేవి లోపాలే. ఆ శిల్పి దేనిని చూపదలచాడని ప్రశ్నించినప్పుడే శిల కన్ను విప్పుతుంది.