కొట్టులోని పండ్లు

పండ్ల బొమ్మ అనగానే అది తిండికి లోటులేనివాళ్ల కాలక్షేపమని తీసిపారెయ్యటం మనలో కొందరికి అలవాటు. గుస్తావ్ కైబోత్ 1881-82 ప్రాంతంలో వేసిన చిత్రం దగ్గర ఆ తీర్పు నిలవదు. ప్రస్తుతం బోస్టన్ లలితకళల మ్యూజియంలో ఉందది.

ఫ్రెంచి అకాడమీ 17వ శతాబ్దిలోనే చిత్రాలకు అంతస్తులు కట్టింది. రాజుల, దేవతల గాథలు పైమెట్టు; పండ్లూ పాత్రలూ అడుగుమెట్టు. (మెట్ల పిచ్చి మన ఒక్కళ్ల సొత్తు కాదు!) ఆ అడుగుమెట్టు చిత్రాల్లోనూ పండ్లు సాధారణంగా ఇంటి బల్లమీదే ఉండేవి, అంటే ఎవరో కొనుక్కున్నవి. కైబోత్ పండ్లు ఇంకా ఎవరి ఇంటికీ చేరలేదు. అంజూరాలు, టొమాటోలు, నారింజలు, బేరిపండ్లు నలిగిన తెల్లకాగితం పొత్తిళ్లలో, రకానికొక గడిగా పేర్చి ఉన్నాయి. అమ్మేవాడు లేడు, కొనేవాడు లేడు. తినే వస్తువు సరుకుగా నిలబడి ఉంది. ‘కాపిటల్’ మొదటి సంపుటం 1867లో వెలువడింది. కైబోత్ దాన్ని చదివాడని ఊహించనక్కరలేదు. 1853-70 మధ్య పాతపేటలు కూల్చి ఓస్మాన్ వేసిన వీధులూ, వాటి కొట్లే అతనికి ఆ పాఠం చెప్పివుంటాయి.

మరి శ్రమ ఏదీ? సైన్యానికి బట్ట సరఫరా చేసి ఆస్తి కూడబెట్టిన కుటుంబం ఇతనిది. తోటకూలీ ఇందులో కనపడడు, నిజమే. కాని చొక్కాలు విప్పి చెక్కనేల చిత్రికపడుతున్న కూలీలను చిత్రించిందీ, 1875లో సలోన్ చేత కాదనిపించుకున్నదీ ఇతడే. ఆ చిత్రాన్ని మెచ్చి దీన్ని వెక్కిరించేవారు ఒకటి గమనించాలి: ఆ కూలీలు నున్నచేస్తున్న నేలా, ఈ పండ్లు చేరబోయే బల్లా ఒకే వర్గం ఇళ్లలోవి.