పలకయు, మతిమరపు జబ్బును

మార్కాపురము రాతిపలకలకు పేరుపొందిన ఊరు. అక్కడి పలకలు ఎన్నో బడులకు చేరినవి. అయినను ఆ మార్కాపురము, గిద్దలూరు తాలూకాలలోనే పలక పట్టకుండ పెరిగి, వేలిముద్రతో కాలము గడిపిన ముసలివారు ఎందరో కలరు. ఆ పలకకును, ముసలితనపు మతిమరపునకును సంబంధ ముండవచ్చునని వైద్యులు గుర్తించుటకు చాల కాలము పట్టినది.

1901లో ఫ్రాంక్‌ఫర్ట్ నగరమున అలోయిస్ ఆల్జైమర్ అను వైద్యుడు 51 ఏండ్ల స్త్రీని పరీక్షించెను. ఆమె తన పేరు వ్రాయబోయి మధ్యలోనే మరచిపోవుచుండెను. 1906లో ఆమె మరణించిన పిదప మెదడును సూక్ష్మదర్శినితో చూడగా, కణముల వెలుపల మచ్చలు, లోపల చిక్కుపడిన సన్నని పోగులు కనబడినవి. 1910లో క్రేపెలిన్ ఈ జబ్బునకు ఆల్జైమర్ పేరు పెట్టెను. వయస్సు మీరుట దీనికి అన్నిటికంటె పెద్ద కారణము. వంశమునుండి వచ్చు ఒక జన్యువు కూడ తోడగునని 1993లో తెలిసినది.

అయితే ఇక్కడొక చిక్కు కలదు. బ్రదికినంతకాలము చురుకుగా నున్న కొందరు వృద్ధుల మెదళ్ళలో కూడ ఆ మచ్చలే ఉండుటను 1988లో కాట్జ్‌మన్ బృందము చూపినది. మచ్చలున్నను వారికి మతి తప్పలేదేమి? కరవు వచ్చినపుడు గాదెలో గింజలున్న ఇల్లు మరికొన్నాళ్ళు నిలుచును గదా! మెదడునకును అట్టి నిలువ ఉండునని ఊహించిరి. 1990లో ప్రకటింపబడిన షాంఘై పరిశీలనలో బడికి పోనివారియందే ఈ జబ్బు హెచ్చుగా కనబడినది. చదువు ఆ గాదెను నింపునన్నమాట. రక్తపుపోటు, మధుమేహము, వినికిడి లోపము మొదలగునవి తరువాత ఈ పట్టికలో చేరినవి.

మరి చదువు లేనివారి మాట యేమి? దీనికి కొంత జవాబు హైదరాబాదునుండి వచ్చినది. 2013లో నిజాం వైద్య విజ్ఞాన సంస్థకు చెందిన డాక్టర్ సువర్ణ అల్లాడి బృందము 648 మంది రోగుల వివరములను పరిశీలించెను. వారిలో 391 మంది రెండుగాని, అంతకు మించిగాని భాషలు మాటలాడువారు. వారికి జబ్బు సగటున నాలుగున్నర ఏండ్లు ఆలస్యముగా మొదలైనది. అక్షరము రాని వారిలో కూడ ఈ తేడా కనబడినది. మూడవ భాష వలన అదనపు లాభము మాత్రము లేదు. అంతకుముందు 2007లో కెనడాలో ఇట్టి ఫలితమే వచ్చినను, అక్కడి రెండుభాషలవారిలో వలస వచ్చినవారు పెక్కురగుటచే, అది భాష ఫలమా, వలస ఫలమా అను సందేహము మిగిలినది. హైదరాబాదులో తెలుగు, ఉర్దూ పుట్టిన వీధిలోనే వినబడును. కాబట్టి ఆ సందేహమునకు తావు తక్కువ.

మార్కాపురము, గిద్దలూరులలో ఇంట ఉర్దూయో లంబాడీయో, బజారున తెలుగో మాటలాడు వృద్ధులు కలరు. పలక పట్టని వారికి ఆ రెండవ భాషయే చదువునకు బదులగునా? ఒక ఆసుపత్రికి వచ్చిన రోగుల లెక్కలతో ఇది తేలునది కాదు. ఆరోగ్యవంతులను ఏండ్ల తరబడి కనిపెట్టి చూచిన కొన్ని పరిశోధనలలో ఈ లాభము కానరాలేదు.