చెక్క అచ్చులు చూపిన అద్దము

అక్షరము రాని జనులకు అధికారుల తప్పులను ఎవరు చూపగలరు? 500 ఏండ్ల క్రిందట జర్మనీ దేశములో ఆ పనిని చెక్క అచ్చులు చేసెను.

మచిలీపట్నపు అద్దకమువారు బట్టమీద పువ్వులను అద్దు అచ్చులు మీలో కొందరు చూచియుందురు. ఆలాగుననే జర్మనీ పనివారును చెక్కపై బొమ్మను చెక్కి, సిరా పూసి, కాగితముమీద అచ్చొత్తిరి. ఒక్క చెక్కతో వందలకొలది ప్రతులు తీయవచ్చును. అవి అంగడివీధులలో చౌకగా అమ్ముడుపోయెను. చదువు వచ్చిన ఒకడు క్రిందనున్న మాటలను బిగ్గరగా చదువగా, చదువు రానివారు వినుచు బొమ్మను చూచుచుండిరి.

1521లో విట్టెన్‌బర్గు పట్టణమందు ఒక చిన్న పుస్తకము వెలువడెను. బొమ్మలు లూకాస్ క్రానాకు చిత్రశాలవి. మాటలు కూర్చినవారిలో లూథరు స్నేహితుడైన మెలాంక్తను ఒకడు. బొమ్మలు 26, అనగా 13 జతలు. ఒక పుటలో క్రీస్తు శిష్యుల పాదములు కడుగుచున్నాడు. ఎదుటి పుటలో పోపు తన పాదమును ముద్దు పెట్టించుకొనుచున్నాడు. ఒకచోట ప్రభువు సిలువ మోయుచున్నాడు. ఎదుట పోపును మనుష్యులు మోయుచున్నారు. ఒకచోట ఆయన దేవాలయమునుండి వర్తకులను తోలివేయుచున్నాడు. ఎదుట పోపు పాపక్షమాపణ పత్రములను అమ్మించుచున్నాడు. వాదము అక్కరలేదు. రెండు పుటలను ప్రక్కప్రక్కన చూచిన పాలేరు సహా తీర్పు తీర్చగలిగెను.

అయితే అద్దమును ప్రేమించు అధికారి అరుదు. న్యూరెంబర్గు పట్టణము 1525లోనే సంస్కరణను అంగీకరించెను. అయినను 1527లో ఓసియాండరు అను బోధకుడు పోపును ఎగతాళి చేయు బొమ్మల పుస్తకమును ప్రకటించినప్పుడు, ఆ పట్టణ సభవారే దానిని నిషేధించిరి. దానికి పద్యములు వ్రాసిన హాన్స్ సాక్సు చెప్పులు కుట్టువాడు. చెప్పుల పని చూచుకొనుమని అతనిని గద్దించిరి.

బొమ్మలు గీయువారును కొలమానమును విడిచిరి. 1529లో ఎదుటి పక్షమువారు లూథరును ఏడు తలలవానిగా అచ్చొత్తిరి. 1545లో లూథరు తానే పద్యములు కూర్చిన బొమ్మలలో బూతు నిండియుండెను. వాటిలో క్రీస్తు పుట లేదు. ఎదుటివానిపై చల్లిన బురదయే మిగిలెను.

సహోదరులారా, నేటి రోమను సంఘస్థులను నిందించుటకు ఈ చరిత్ర వ్రాయలేదు. ఎడమ పుటలో పాదములు కడుగు ప్రభువు నేటికిని ఉన్నాడు. కుడి పుట ఖాళీగా ఉన్నది. అందు బోధకుడనైన నన్నును, సంఘ పెద్దలైన మిమ్మును నిలువబెట్టి చూడుడి. కానుకల లెక్క అడిగిన కూలివానితో, నీ పని నీవు చూచుకొనుమని మనము చెప్పిన దినమున, చెప్పులు కుట్టువాని నోరు మూసిన ఆ సభలో మనమును కూర్చున్నవారమే.