పేరు పలికే రోజు: పెర్ల్ హార్బర్ జాతీయ స్మృతి దినంపై ఒక పరిశీలన

ప్రస్తావన

పితృతర్పణంలో నీళ్లు విడిచే ముందు పోయినవారి పేరు, గోత్రం చెప్పాలి. పేరు పలకనిదే ఆ నీళ్లు ఎవరికీ చెందవని మన నమ్మకం. ఒక దేశం తన యుద్ధమృతులను తలచుకునే రోజుకూ ఇదే కొలబద్ద వర్తిస్తుందా? అమెరికాలో ఏటా డిసెంబరు 7న జరిపే పెర్ల్ హార్బర్ జాతీయ స్మృతి దినాన్ని ఈ వ్యాసం ఆ ప్రశ్నతో పరిశీలిస్తుంది. స్మృతి దినానికి రూపం ఇచ్చేది చట్టమే అయినా, ప్రాణం పోసేవి పేర్లేనన్నది ఇక్కడి ప్రతిపాదన.

దాడి, చట్టం

1941 డిసెంబరు 7, ఆదివారం. ఉదయం ఎనిమిదికి కాస్త ముందు, ఆరు విమానవాహక నౌకల నుంచి లేచిన జపాన్ విమానాలు హవాయిలో పెర్ల్ హార్బర్ రేవు ఉన్న ఓవాహు దీవి మీద విరుచుకుపడ్డాయి. రెండు విడతల్లో 350కి పైగా విమానాలు వచ్చాయి. మొత్తం 2,403 మంది చనిపోయారు. వారిలో 1,177 మంది అరిజోనా యుద్ధనౌకలోని వారే. బాంబు తగిలి ముందుభాగంలోని మందుగుండు గది పేలడంతో ఆ నౌక నిమిషాల్లో మునిగింది.

ఈ రోజును జాతీయ స్మృతి దినంగా గుర్తించే చట్టం 1994 ఆగస్టు 23న, అంటే దాడి జరిగిన 53వ ఏట వచ్చింది. దాని ప్రకారం అధ్యక్షుడు ఏటా ప్రకటన వెలువరిస్తారు, జెండాలను అవనతం చేస్తారు. ఇది ప్రభుత్వ సెలవు దినం కాదు. కాబట్టి ఈ రోజుకున్న బలాన్ని చట్టం బయటే వెతకాలి.

నీటి అడుగున పేర్లు

మునిగిన అరిజోనాకు అడ్డంగా, దాన్ని ఎక్కడా తాకకుండా, 184 అడుగుల తెల్లని స్మారకం నిలిచి ఉంది. 1962లో ప్రారంభమైన ఈ కట్టడం నడుమ కుంగి, రెండు కొసలా పైకి లేచి ఉంటుంది. ఒక కొసన పాలరాతి గోడ మీద మృతుల పేర్లు చెక్కారు. కింద నౌకలో ఇప్పటికీ 900 మందికి పైగా ఉన్నారు. ఆ నౌకలోని చమురు నేటికీ బొట్టుబొట్టుగా పైకి వస్తుంది. నల్లని బొట్టు నీటి మీదికి చేరగానే విచ్చుకుని, రంగుల పొరగా పరచుకుంటుంది. వాటిని అక్కడివారు నల్లని కన్నీళ్లు అంటారు.

ఆనాడు బతికి బయటపడ్డ నావికుల్లో 40 మందికి పైగా, తాము పోయాక తమ చితాభస్మాన్ని ఆ నౌకలోనే ఉంచమని కోరారు. ఈతగాళ్లు కలశాన్ని చేతుల్లో పట్టుకుని నీటిలోకి దిగి, నాలుగో ఫిరంగి బురుజు అడుగున విడిచిపెట్టేవారు. 1982లో మొదలైన ఈ సంప్రదాయంలో చివరి కలశం 2019 డిసెంబరు 7న దిగింది.

అదే దాడికి గురైన ఒక్లహోమా నౌక కథ వేరు. అందులో 429 మంది పోగా, తొలినాళ్లలో 35 మందినే గుర్తించగలిగారు. మిగిలిన అవశేషాలు పేరులేని సమాధుల్లోకి వెళ్లాయి. 2015లో ఆ సమాధులు తవ్వి, డీఎన్ఏ పరీక్షలతో చాలామంది పేర్లు తేల్చారు. ఎంత చేసినా తేలని 33 మందిని 2021 డిసెంబరు 7న తిరిగి ఖననం చేశారు. ఎనభయ్యేళ్ల తర్వాత కూడా ఒక మనిషి పేరు అతనికి అప్పగించాలన్న ఈ పట్టుదల, ఏ ప్రకటన కంటే గొప్ప నివాళి.

జాబితాలోని ఇరుగుపొరుగు

2,403 మందిలో 68 మంది పౌరులు. ఆ దీవిలోని హొనొలులు నగర వీధుల్లో జరిగిన నష్టంలో చాలా భాగం, గాలిలోకి పేల్చిన అమెరికా ఫిరంగి గుండ్లే తిరిగి ఊరి మీద పడటం వల్ల కలిగిందని చరిత్రకారులు తేల్చారు. అలా పోయినవారిలో జపాన్ మూలాల కుటుంబాలవారూ ఉన్నారు. ఇది తెలిస్తే తర్వాతి చరిత్ర మరింత బాధిస్తుంది. 1942 ఫిబ్రవరి 19న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఇచ్చిన ఉత్తర్వుతో సుమారు 1,20,000 మంది జపాన్ మూలాలవారిని శిబిరాలకు తరలించారు. వారిలో మూడింట రెండు వంతులు అమెరికా పౌరులే. దేశం 1988లో చట్టం చేసి మరీ వారిని క్షమాపణ కోరింది. ఆ కుటుంబాలు ఫిబ్రవరి 19ని తమ స్మృతి దినంగా పాటిస్తున్నాయి.

దాడి స్మృతి, నిర్బంధం రెండూ ఒక మనిషి జీవితంలో కలిశాయి. అరిజోనా స్మారకాన్ని రూపొందించిన ఆల్ఫ్రెడ్ ప్రైస్, నాజీల నుంచి తప్పించుకొచ్చిన వియన్నా వాసి. దాడి తర్వాత శత్రుదేశీయుడన్న అనుమానంతో ఆయన్నీ హొనొలులు రేవులోని శిబిరంలో నిర్బంధించారు. తనను అనుమానించిన దేశపు మృతులకు ఆయన నీడ కట్టారు. డిసెంబరు 7ను ఫిబ్రవరి 19తో కలిపి చదివినప్పుడే ఆ స్మృతి సంపూర్ణమవుతుంది.

ముగింపు

పెర్ల్ హార్బర్ దాడితో అమెరికా, జపాన్‌ల మధ్య మొదలైన యుద్ధం నాలుగు నెలలకే మన తీరాన్ని తాకింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఆ రోజుకు మనకు జాతీయ స్మృతి దినం లేదు. చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేదని అరిజోనా, ఒక్లహోమా నావికులు చెబుతున్నారు. మన రేవుల్లో ఆ రోజు పోయినవారు ఎవరో వెతికి, వారి పేర్లు ఒక్కొక్కటిగా రాసిపెట్టుకోవాలి. నీళ్లు విడవాలంటే ముందు పేరు తెలియాలి.