విమాన ప్రయాణంలో చెవి దిబ్బడ

విమానం ఎక్కినవాళ్లలో చాలామందికి చెవులు దిబ్బడ వేయడం అనుభవమే. పైకి లేచేటప్పటికన్నా కిందికి దిగేటప్పుడే ఇది ఎక్కువగా బాధిస్తుంది. కర్ణభేరి వెనకున్న మధ్య చెవిని గొంతు పైభాగంతో కలిపే సన్నని గొట్టంలో ఉంది ఇదంతా. 16వ శతాబ్దపు ఇటలీ వైద్యుడు బార్టొలోమియో యూస్టాకి పేరిట దాన్ని యూస్టేకియన్ నాళం అంటారు.

విమానం 35,000 అడుగుల ఎత్తున ఎగురుతున్నా లోపలి గాలి ఒత్తిడి సుమారు 6,000 నుంచి 8,000 అడుగుల కొండ మీద ఉన్నట్టు ఉంటుంది. దిగుతున్నకొద్దీ అది పెరుగుతుంది. నాళం తెరుచుకుని మధ్య చెవిలో ఒత్తిడిని దానికి సమం చేయకపోతే కర్ణభేరి లోపలికి నొక్కుకుపోతుంది. నొప్పి అందుకే.

గుటక వేస్తే నాళం తెరుచుకుంటుంది. చాక్లెట్ చప్పరించినా, ఆవులించినా జరిగేది అదే. చంటిపిల్లలకు కావాలని గుటక వేయడం తెలియదు పాపం. దిగే వేళ తల్లి పాలు పడితే గుక్కపట్టిన ఏడుపు చాలాసార్లు సర్దుకుంటుంది. ముక్కు, నోరు మూసుకుని మెల్లగా గాలి ఊదడం వల్సాల్వా పద్ధతి. బలంగా ఊదితే చెవికే ప్రమాదం.

జలుబు చేస్తే నాళం వాచిపోతుంది, అప్పుడు ప్రయాణం వాయిదా వేసుకోవడమే మేలు. హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లే పెద్దవాళ్లు దారిలో విమానం మారితే ఈ ఇబ్బంది రెండుసార్లు పడాలి. నిద్రలో గుటకలు తగ్గుతాయి కనుక దిగడం మొదలవగానే వాళ్లను లేపాలి.