తుపాకి పట్టిన నాయిక

వెండితెరపై స్త్రీ తుపాకి పట్టి దుండగులను తరుముతూ ఉంటే, ఇది పాశ్చాత్యులను చూచి నేర్చిన విద్య అని చప్పరించి వేసేవారు కలరు. ఈ మాట ఎంతవరకు నిజమో, కాలాన్ని కొంత వెనుకకు త్రిప్పి చూతము.

1973లో అమెరికాలో "కాఫీ" అనే చిత్రం వెలువడినది. దర్శకుడు జాక్ హిల్. నాయిక పామ్ గ్రియర్. నగరాలలోని నల్లజాతి ప్రేక్షకుల కొరకు స్వల్పవ్యయంతో నేరకథలను తీస్తున్న రోజులవి. మత్తుమందులు తన చెల్లెలి బ్రతుకును బుగ్గి చేయగా, ఒక నర్సు తుపాకి పట్టి ఆ వర్తకుల అంతు చూడటం అందలి కథ.

అంతకు మూడేండ్లు ముందే, 1970లో, మన కె.యస్.ఆర్. దాస్ "రౌడీ రాణి"ని తెరకెక్కించినారు. తనవారిని పొట్టబెట్టుకొన్న దుర్మార్గులపై పగ తీర్చుకొనే యువతిగా విజయలలిత నటించినది. నృత్యపాత్రలలో పేరు పొందిన ఆ నటి ఇక్కడ పోరాటాల భారమంతా తానే మోసినది. 1972లో ఈ కథనే ఆయన హిందీలో "రాణీ మేరా నామ్"గా తీసినారు. కనుక ఇది అరువు తెచ్చుకొన్న అమెరికా సరుకు కాదు.

అయితే అసలు మొదలు తెరమీద లేదు, తుంగతుర్తి ప్రాంతంలో ఉన్నది. 1931లో కరివిరాల కొత్తగూడెంలో భూస్వాముల ఇంట పుట్టిన మల్లు స్వరాజ్యం చిన్ననాటనే తన ఇంటి బియ్యాన్ని వెట్టివారికి పంచిపెట్టినది. 1946 నుండి 1951 వరకు సాగిన తెలంగాణ సాయుధ పోరాటంలో తుపాకి ధరించి దళాన్ని నడిపినది. ఆమెను పట్టి ఇచ్చినవారికి పదివేల రూపాయల బహుమానం ప్రకటించినారు.

ఇక్కడ ఒక భేదం గమనింపదగినది. "కాఫీ" కాని, రాణి కాని తమ ఇంటికి జరిగిన అన్యాయానికి పగ తీర్చుకొన్నవారు. స్వరాజ్యం ఇంటికి ఏ కొరతా లేదు. ఆమె పోరాడినది పొరుగువాని భూమి కొరకు, వెట్టి విముక్తి కొరకు. పగ తీరగానే చిత్రం ముగుస్తుంది. న్యాయం కొరకు పట్టిన పని మాత్రం అంత త్వరగా ముగియదు. తుపాకి దించిన పిదప ఆమె 1978లోను, 1983లోను తుంగతుర్తి నుండి శాసనసభకు ఎన్నికైనది. 2022లో కన్నుమూసినది.

తెరమీది రాణులను మెచ్చుకొందము. కాని వారికంటె ముందు నడిచిన మన ఇంటి ఆడబిడ్డను మరచి మాత్రం కాదని మేము మనవి చేస్తున్నాము.