దారులు రాసేదెవరు, కాచేదెవరు? బీజీపీ ప్రమాణాల నడకపై ఒక పునఃపరిశీలన

ఇంటర్నెట్ ప్రమాణాల మీద పరిశోధన చేసేవారిలో చాలామంది క్యాలెండర్ ముందు పెట్టుకుని కూర్చుంటారు. మొదటి డ్రాఫ్ట్ ఏ నెలలో వచ్చింది, ప్రచురిత తుది పత్రమైన ఆరెఫ్‌సీ ఏ నెలలో వెలువడింది, నడుమ ఎన్ని నెలలు గడిచాయి అని లెక్కగడతారు. నెలలు పెరిగితే పోట్లాట పెరిగిందని తేలుస్తారు. ఆ లెక్క మీది అసంతృప్తే ఈ వ్యాసానికి ప్రేరణ. రూటింగ్ ప్రమాణాలు ఆలస్యం కావడానికి కంపెనీల మధ్య కలహం ప్రధాన కారణం కాదని ఈ వ్యాసం వాదిస్తుంది. ప్రమాణం రాసే బల్లకూ, అర్ధరాత్రి అలారం మోగితే లేచి సెషన్లు సరిచేసే బల్లకూ మధ్య ఉన్న దూరమే ఆ నడకను నిర్ణయిస్తుంది. దూరం తగ్గినప్పుడు పని సాగింది, పెరిగినప్పుడు చతికిలబడింది.

కలహవాదానికి గట్టి పునాది వేసినవారు ఆర్థికశాస్త్రవేత్త తిమోతీ సిమ్‌కో. 2012లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో వచ్చిన ఆయన వ్యాసం 1993 నుంచి 2003 వరకు, ఇంటర్నెట్ ప్రమాణాలను రూపొందించే ఐఈటీఎఫ్‌లో నడిచిన డ్రాఫ్ట్‌లను పరిశీలించింది. ప్రమాణాల బాట పట్టిన పత్రాలను, కేవలం సమాచారం కోసం వెలువడే పత్రాలతో పోల్చింది. వ్యాపార ప్రయోజనాలు ఐఈటీఎఫ్‌లోకి చొరబడేకొద్దీ ఏకాభిప్రాయానికి పట్టే సమయం పెరిగిందని, ఎవరి సాంకేతికత ప్రమాణమైతే వారికి లాభం కాబట్టి సాగదీత తప్పలేదని ఆయన నిర్ధారణ. ఆ తర్వాత ఈ రంగంలో రాసినవారికి అదొక కొండగుర్తు అయింది.

సిమ్‌కో గణాంకాల శ్రద్ధను ఎవరూ తప్పుపట్టలేరు. చిక్కంతా కొలబద్దలో ఉంది. ఆయన ఎంచుకున్న 1993–2003 కాలం మొత్తం రూటింగ్ విభాగంలో ఒక ప్రత్యేక నియమం అమల్లో ఉన్న కాలమే. 1991 అక్టోబరులో బాబ్ హిండెన్ రాసిన ఆరెఫ్‌సీ 1264 రూటింగ్ ప్రోటోకాల్‌లకు అదనపు షరతులు పెట్టింది. ప్రతిపాదన దశలోనే పనిచేసే కోడ్ చూపించాలి. పై మెట్టు ఎక్కాలంటే వేర్వేరు చేతులు రాసిన కోడ్‌లు ఒకదానితో ఒకటి పొసగుతాయని నిరూపించాలి. ఆ నియమాన్ని ఎత్తేసింది 2006 డిసెంబరులో, ఆరెఫ్‌సీ 4794తో. ఎత్తేశాక కూడా, నెట్‌వర్క్‌లు ఒకదానికొకటి దారులు చెప్పుకునే ప్రోటోకాల్ బీజీపీని చూసే ఐడీఆర్ వర్కింగ్ గ్రూప్ రెండు ఇంప్లిమెంటేషన్లు ఉండాలనే పట్టుదలను వదులుకోలేదు. అంటే రూటింగ్‌లో నెమ్మది చాలావరకు కావాలని పెట్టుకున్న కట్టుబాటు. ఐఈటీఎఫ్ అంతటికీ కలిపి తీసిన సగటు ఈ కట్టుబాటును మింగేసి, కలహం పద్దులో రాసేస్తుంది.

రెండో అభ్యంతరం ఇంకా మౌలికమైనది. సిమ్‌కో లెక్క ఆరెఫ్‌సీ దగ్గర ఆగిపోతుంది. రూటింగ్‌లో ఆరెఫ్‌సీ సగం దారి మాత్రమే. మిగతా సగం రూటర్లలో నడుస్తుంది. ఆ సగాన్ని చూడాలంటే 2010 ఆగస్టు 27 ఉదయానికి వెళ్లాలి.

ఆ రోజు ఐరోపా ప్రాంతపు ఇంటర్నెట్ చిరునామాల రిజిస్ట్రీ రైప్ ఎన్‌సీసీ, డ్యూక్ విశ్వవిద్యాలయం కలిసి ఒక ప్రయోగం చేశాయి. ఒక ప్రిఫిక్స్‌ను (చిరునామాల సముదాయాన్ని) 99 అనే కోడ్ ఉన్న కొత్త పాత్ అట్రిబ్యూట్‌తో ప్రకటించాయి. అందులో నియమవిరుద్ధమైనది ఏదీ లేదు. తనకు అర్థం కాని ఆప్షనల్ ట్రాన్సిటివ్ అట్రిబ్యూట్ వస్తే రూటరు దాన్ని చెక్కుచెదరకుండా పక్కవారికి అందించాలి, అంతే. కానీ సిస్కో ఐఓఎస్ ఎక్స్‌ఆర్ నడుపుతున్న కొన్ని రూటర్లు దాన్ని అందించే ముందు చెడగొట్టాయి. చెడిన అప్‌డేట్ అందుకున్న పొరుగు రూటరు అప్పటి ప్రమాణమైన ఆరెఫ్‌సీ 4271 చెప్పినట్టే నడుచుకుంది. నోటిఫికేషన్ పంపి సెషన్ మూసేసింది. ఆ సెషన్ మీద నేర్చుకున్న దారులన్నీ ఒక్కసారిగా పోయాయి. సెషన్ మళ్లీ లేచింది, అదే అప్‌డేట్ మళ్లీ వచ్చింది, మళ్లీ తెగింది. అరగంట లోపే ప్రయోగాన్ని ఆపేశారు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. తప్పు చేసిన రూటరు క్షేమంగానే ఉంది. అక్షరాలా నియమం పాటించిన పొరుగు రూటరు ఆ సెషన్ మీది దారులన్నీ పోగొట్టుకుంది. ఒక్క ప్రిఫిక్స్‌లో దొర్లిన దోషానికి ఆ సెషన్ మీది ప్రిఫిక్స్‌లన్నీ శిక్ష అనుభవించాయి. నియమాన్ని రాసినప్పుడు అది తర్కబద్ధమే: మాట అర్థం కాకపోతే సంభాషణ మానేయి. లక్షల దారులు మోసే సెషన్‌ను కాచేవారికి మాత్రం అది ఎలుకను పట్టడానికి ఇల్లు తగలబెట్టడం.

దీనికి దిద్దుబాటు 2015 ఆగస్టులో ఆరెఫ్‌సీ 7606గా వచ్చింది. సరిగ్గా ఐదేళ్లు. క్యాలెండర్ లెక్కలో ఇది ఐదేళ్ల కలహం. మరి రచయితలెవరు? ఎన్కే చెన్, కేయూర్ పటేల్ సిస్కో నుంచి, జాన్ స్కడర్ జునిపర్ నుంచి, ప్రదోశ్ మోహపాత్ర స్ప్రూట్ నెట్‌వర్క్స్ నుంచి. బజారులో రూటర్ల కోసం పోటీపడే రెండు కంపెనీలు ఒకే పత్రం మీద పేర్లు పెట్టాయి. ఎవరి పేటెంటూ గెలవలేదు, ఎవరి వాటా ఓడలేదు. కాలం పట్టింది పని వల్లే. ఒక్కో అట్రిబ్యూట్‌నూ విడిగా ముందు పెట్టుకుని, ఇది చెడితే దారిని ఉపసంహరించినట్టు భావించాలా, అట్రిబ్యూట్‌ను మాత్రమే పారేయాలా, లేక సెషన్ తెంచక తప్పదా అని తేల్చాల్సి వచ్చింది. పొరపాటున మెత్తబడితే నెట్‌వర్క్‌లో ఒక రూటరు ఒక దారి, మరొకటి మరో దారి నమ్మి ప్యాకెట్లు గిరగిరా తిరుగుతాయి. అరడజనుకు పైగా పాత ఆరెఫ్‌సీలను ఈ ఒక్క పత్రం సవరించింది. ఆ ఐదేళ్లను సాగదీత అనడం అన్యాయం.

దూరం తగ్గితే ఏమవుతుందో లార్జ్ కమ్యూనిటీల కథ చెబుతుంది.

1996 నాటి ఆరెఫ్‌సీ 1997 ప్రకారం, దారికి తగిలించే గుర్తయిన బీజీపీ కమ్యూనిటీకి 32 బిట్లు. వాడుకలో సగం ఏఎస్ నంబరుకు (నెట్‌వర్క్ గుర్తింపు సంఖ్యకు), సగం విలువకు. ఏఎస్ నంబర్లు 16 బిట్లుగా ఉన్నంతకాలం అది చక్కగా అమరింది. 2007లో ఆరెఫ్‌సీ 4893 ఏఎస్ నంబరును 32 బిట్లకు పెంచింది. దాంతో కొత్త నంబరు వచ్చిన నెట్‌వర్క్‌కు తన పేరు మీద కమ్యూనిటీ రాసుకునే చోటే లేకుండా పోయింది. ఎక్స్‌టెండెడ్ కమ్యూనిటీలో నాలుగు బైట్ల ఏఎస్ నంబరు పెడితే విలువకు మిగిలేది రెండు బైట్లే. ఫలానా నెట్‌వర్క్‌కు ఈ దారి చెప్పవద్దు అని రాయాలంటే ఆ ఫలానా నంబరు కూడా నాలుగు బైట్లదే కావచ్చు. ఎక్కడ పడుతుంది? నేడు గుంటూరులోనో కరీంనగర్‌లోనో కొత్తగా ఏఎస్ నంబరు తీసుకునే ఇంటర్నెట్ సంస్థకు సాధారణంగా దక్కేది నాలుగు బైట్ల నంబరే. పాత కాపులకు ఉన్న సౌకర్యం కొత్తవారికి లేకపోయింది.

ఈ వెలితిని పూడ్చడానికి ఏళ్ల తరబడి వైడ్ కమ్యూనిటీల పేరుతో డ్రాఫ్ట్‌లు తిరిగాయి. అన్ని అవసరాలనూ ఒకే ఒరలో ఇమిడ్చే ప్రయత్నం అది. అందంగా ఉండేది, ఎంతకీ తెమిలేది కాదు. 2016లో ఆపరేటర్లు నేరుగా రంగంలోకి దిగారు. ఎన్‌టీటీ నుంచి జోబ్ స్నైడర్స్, ఐర్లండ్ ఎక్స్ఛేంజి ఐనెక్స్ నుంచి నిక్ హిలియార్డ్ వంటివారు సిస్కోకు చెందిన యాకబ్ హైట్జ్ తదితరులతో కలిసి కూర్చున్నారు. వారు అడిగింది చాలా చిన్నది: నాలుగేసి బైట్ల మూడు గడులు, మొత్తం పన్నెండు బైట్లు. మొదటి గడిలో తన నంబరు, మిగతా రెండింటిలో తనకు తోచినది. 2017 ఫిబ్రవరికల్లా అది ఆరెఫ్‌సీ 8092 అయింది. పదేళ్ల వెలితి ఏడాది తిరగకుండానే పూడింది.

దారిలో జరిగిన ఒక సంగతి ఈ వ్యాసం వాదనకు ఆయువుపట్టు. కొత్త అట్రిబ్యూట్‌కు, కోడ్‌ల రిజిస్ట్రీని నిర్వహించే ఐయానా మొదట 30 అనే కోడ్ ఇచ్చింది. రచయితలు కాగితం మీద సంబరపడి ఊరుకోలేదు. ఆ అట్రిబ్యూట్ తగిలించిన ఒక ప్రిఫిక్స్‌ను నిజమైన ఇంటర్నెట్‌లోకి వదిలి చూశారు. కొన్ని నెట్‌వర్క్‌లకు అది చేరలేదు. కారణం వెతికితే, రిజిస్ట్రీలో నమోదు చేయించుకోకుండానే 30ని మరో పనికి వాడేస్తున్న రూటర్లు బయటపడ్డాయి. కోడ్‌ను 32కు మార్చారు. ఇలా ఆక్రమణకు గురైన 30, 31, 129, 241, 242, 243 కోడ్‌లను ఇక ఎవరూ వాడకుండా అదే నెలలో ఆరెఫ్‌సీ 8093 వెలివేసింది. సమావేశ మందిరంలో ఎంతకాలం చర్చించినా ఈ ఆక్రమణ తేలేది కాదు. కాచేవారు రాసేవారిలో ఉన్నారు కాబట్టే తేలింది.

దూరం పెరిగితే జరిగే నష్టానికి రూట్ ఫ్లాప్ డ్యాంపింగ్ సాక్ష్యం. మాటిమాటికీ పడిలేచే దారిని కాసేపు పక్కన పెట్టాలనే ఈ పద్ధతి 1998లో ఆరెఫ్‌సీ 2439గా వచ్చింది. నాలుగేళ్లకే, 2002లో, మావో, గోవిందన్, వర్గీస్, కాట్జ్ ఒక పరిశోధనాపత్రంలో దాని లోపాన్ని బయటపెట్టారు. ఒకే ఒక్కసారి ఉపసంహరించి తిరిగి ప్రకటించిన దారిని కూడా ఈ పద్ధతి గంట దాకా అణచివేయగలదు. దారుల అన్వేషణలో పుట్టే సహజమైన కదలికను అది అస్థిరతగా పొరబడుతుంది. ఈ పత్రం రాసిన రమేశ్ గోవిందన్ ఆ ఆరెఫ్‌సీ రచయితల్లోనూ ఒకరు కావడం గమనార్హం. తన పేరున్న ప్రమాణంలోని తప్పును తానే లోకానికి చూపిన నిజాయితీ అది. 2006లో రైప్ సమాజం డ్యాంపింగ్ వాడవద్దని సిఫారసు చేసింది. చివరికి 2014లో ఆరెఫ్‌సీ 7196 అణచివేత హద్దును కనీసం 6000కు పెంచితే మళ్లీ పనికొస్తుందని తేల్చింది. రూటర్లతో పాటు వచ్చిన విలువ సిస్కోలో 2000, జునిపర్‌లో 3000. ఒక అంకె మార్చడానికి పదహారేళ్లు. ఇందులో ఏ కంపెనీ ఏ కంపెనీతో పోట్లాడింది? ఆ అంకె నిజమైన నెట్‌వర్క్‌లో ఏం చేస్తుందో కొలిచే పని ప్రమాణం రాశాకే జరిగింది.

బీజీపీకి భద్రత కూర్చడానికి వచ్చిన రెండు పోటీ ప్రతిపాదనలు ఎస్-బీజీపీ, ఎస్‌ఓ-బీజీపీల వర్గాల మధ్య 2000ల తొలినాళ్లలో సాగిన తగవు సిమ్‌కో వాదనకు దగ్గరగానే ఉంటుందని ఒప్పుకోవాలి.

ఆ తగవు ముగిశాక వచ్చిన ఫలితాలు మాత్రం మళ్లీ ఈ వ్యాసం వైపే మొగ్గుతాయి. 2008 ఫిబ్రవరి 24న పాకిస్థాన్ టెలికాం 208.65.153.0/24ను తనదిగా ప్రకటించి యూట్యూబ్‌ను ప్రపంచానికి దూరం చేసింది. గంటా ఇరవై నిమిషాల తర్వాత యూట్యూబ్ తానూ అదే /24ను ప్రకటించుకుని పోరాడాల్సి వచ్చింది. ఇలాంటివాటికి మందుగా ఐఈటీఎఫ్ రెండు ఇచ్చింది. దారి పుట్టుకను మాత్రమే సరిచూసే పద్ధతి 2013లో ఆరెఫ్‌సీ 6811గా వచ్చింది. దారి పొడవునా ప్రతి ఏఎస్ సంతకం చేసే బీజీపీసెక్ 2017లో ఆరెఫ్‌సీ 8205గా వచ్చింది. మొదటిది తక్కువ హామీ ఇస్తుంది, కానీ ఒంటరిగా మొదలుపెట్టిన నెట్‌వర్క్‌కూ మొదటి రోజు నుంచే మేలు చేస్తుంది. 2024 మే నాటికి ఐపీవీ4 దారుల్లో సగానికి పైగా ఆర్‌ఓఏల (దారిని ఏ ఏఎస్ ప్రకటించవచ్చో చెప్పే సంతకపు పత్రాల) రక్షణ కిందికి వచ్చాయి. రెండోది గణితపరంగా పటిష్ఠం, కానీ వరసగా పొరుగువారంతా చేరితేనే ఫలం. ఏ పెద్ద నెట్‌వర్క్‌లోనూ వాడుకలోకి రాలేదు.

బీజీపీసెక్ సంపాదకుల్లో ఒకరు అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ శాస్త్రవేత్త కోటికలపూడి శ్రీరామ్. 2016లో ఆయన ముందుండి రాసిన ఆరెఫ్‌సీ 7908 మరో దారి పట్టింది. అప్పటిదాకా జరిగిన రూట్ లీక్‌లను పరిశీలించి ఆరు రకాలుగా వర్గీకరించింది. రూట్ లీక్ అంటే ఏమిటో ఒక మాట కుదిరాక చికిత్స మీద చర్చ గాడిన పడింది. 2022 మేలో ఆరెఫ్‌సీ 9234 వచ్చింది, అందులోనూ శ్రీరామ్ సహరచయిత. పొరుగువాడు కస్టమరా, ప్రొవైడరా, పీరా అన్నది సెషన్ మొదట్లోనే ఇద్దరూ ఒప్పుకోవాలనేది దాని సారం. అదే శాస్త్రవేత్త, అదే సంస్థ. తేడా అల్లా ముడిసరుకులో ఉంది: ఒకచోట ఆదర్శ నమూనా, మరోచోట జరిగిన ప్రమాదాల పంచనామా.

కాబట్టి రూటింగ్ ప్రమాణాల చరిత్రను ఏకాభిప్రాయం కుదరడానికి పట్టిన నెలలతో కొలవడం మానుకోవాలి. ఒక్కో డ్రాఫ్ట్‌కు ఎందరు ఆపరేటర్లు చేయి వేశారు, ప్రచురణకు ముందు ఎన్ని నిజమైన నెట్‌వర్క్‌లలో పరీక్షించారు, ప్రచురణ తర్వాత ఎన్నాళ్లకు దిద్దుబాటు అవసరమైంది అన్నవే సరైన కొలతలు. ఈ సూత్రం బీజీపీకే పరిమితం కాకపోవచ్చు. విద్యుత్ గ్రిడ్లకైనా, రైల్వే సిగ్నళ్లకైనా, డిజిటల్ చెల్లింపులకైనా, పదిమంది కలిసి నడిపే ఏ యంత్రాంగానికైనా ప్రమాణాల వేగం, నాణ్యత ఈ దూరం మీద ఆధారపడతాయా అన్నది పరిశీలించదగ్గ ప్రశ్న.

తెలుగు రాష్ట్రాల ఇంజనీరింగ్ కళాశాలల్లో బీజీపీని ఇంకా పరీక్ష ప్రశ్నగానే చదువుతున్నారు. జిల్లా కేంద్రాల్లో ఇంటింటికీ ఫైబర్ లాగుతున్న చిన్న ఆపరేటర్ల దగ్గర ఏ ఆరెఫ్‌సీలోనూ లేని అనుభవం పోగుపడి ఉంది. ఈ ఇద్దరూ కలిసి ఒక్క వైఫల్యాన్నైనా సవివరంగా నమోదు చేసి వర్కింగ్ గ్రూప్ ముందు పెట్టాలి. ఐఈటీఎఫ్‌లో సభ్యత్వం అనేదే లేదు, ఓటింగు లేదు, డ్రాఫ్ట్ పంపడానికి రుసుము లేదు.